నిద్ర కోసం సహజ సప్లిమెంట్లు: ఏ సీసా వెనుక ఎంత ఆధారం?

నిద్ర గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయాన్ని అడుగుతున్నాయి: డాక్టరు చీటీ లేకుండా దొరికే ‘సహజ’ సప్లిమెంట్లను నమ్మవచ్చా? వాటిలో కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 58. ఏడాదిగా నిద్ర సరిగా పట్టడం లేదు. పడుకున్నాక గంట, ఒక్కోసారి గంటన్నర అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాను. నిద్రమాత్రలకు అలవాటు పడిపోతానేమోనన్న భయంతో మెలటోనిన్, వలేరియన్, మెగ్నీషియం తెప్పించుకున్నాను. అశ్వగంధ ఇంకా మంచిదని మా చెల్లెలు అంటోంది. అన్ని సీసాల మీదా ‘శాస్త్రీయంగా నిరూపితం’ అనే ఉంది. వీటిలో దేన్ని నమ్మమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించినవి రెండు సంగతులు. ఇబ్బంది ఏడాదిగా ఉందన్నది ఒకటి, నిద్ర పట్టడానికే గంటన్నర పడుతోందన్నది మరొకటి. ఇలాంటి దీర్ఘకాలిక నిద్రలేమిని తగ్గిస్తుందనడానికి మీరు చెప్పిన నాలుగింటిలో దేనికీ గట్టి ఆధారం లేదు. అలాగని నాలుగింటినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. వాటి వెనుక ఉన్న పరిశోధనలో హెచ్చుతగ్గులున్నాయి, అవి తెలుసుకుంటే మీ డబ్బు, అంతకంటే విలువైన మీ రాత్రులు వృథా కాకుండా ఉంటాయి.

‘నిరూపితం’ అన్న మాట కనిపించినప్పుడు ఎంతమంది మీద పరీక్షించారు, దేనితో పోల్చి చూశారు, తేడా ఎన్ని నిమిషాలు అని అడగాలి. చివరి ప్రశ్నను అడిగేవారు చాలా తక్కువ. నిద్రకు సంబంధించిన పరీక్షల్లో మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో కూడా చాలామంది మునుపటికంటే బాగా నిద్రపోయామని చెబుతారు. నిద్రను చెడగొట్టేవాటిలో నిద్ర పట్టదేమోనన్న బెంగ చాలా పెద్దది, ఏదో ఒకటి వేసుకున్నామన్న ధీమాతో ఆ బెంగ కొంత తగ్గుతుంది. పైగా ఎవరైనా నిద్ర మరీ పాడైన రోజుల్లోనే ఇలాంటి పరీక్షల్లో చేరతారు కాబట్టి, ఏమీ చేయకపోయినా కొన్ని వారాల్లో కొంత మెరుగు కనిపించడం మామూలే. అందుకే ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడని పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను.

ముందు మెలటోనిన్ సంగతి చూద్దాం, ఎందుకంటే నాలుగింటిలోనూ ఎక్కువగా పరీక్షకు నిలిచింది అదే. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ 1958లో పశువుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేశారు. చీకటి పడ్డాక మన మెదడులోని ఆ గ్రంథి ఈ హార్మోనును రక్తంలోకి వదులుతుంది, శరీరానికి రాత్రి అయిందన్న కబురు దీనివల్లే అందుతుంది. అంటే ఇది మత్తు కలిగించే మందు కాదు, వేళను తెలిపే సంకేతం. 2013లో 19 పరీక్షల్లోని 1,683 మంది ఫలితాలను కలిపి లెక్కగట్టినప్పుడు, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే మెలటోనిన్ వేసుకున్నవారికి సగటున 7 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది, మొత్తం నిద్ర 8 నిమిషాలు పెరిగింది. తేడా నిజమైనదే, గణాంకాలపరంగా తీసిపారేయదగినది కాదు. కానీ గంటన్నర దొర్లే మనిషికి ఆ 7 నిమిషాలు ఎంత ఊరటనిస్తాయో మీరే ఆలోచించండి. ఈ కారణాల వల్లనే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవారి నిద్రలేమికి మెలటోనిన్, వలేరియన్, ట్రిప్టోఫాన్ (ప్రోటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) వాడవద్దని వైద్యులకు సూచించింది. ఆ సూచన బలహీనమైన ఆధారాల మీద ఇచ్చినదేనని కూడా స్పష్టంగా చెప్పింది. ఐరోపాలో మాత్రం మెల్లగా విడుదలయ్యే 2 మిల్లీగ్రాముల మెలటోనిన్‌ను 55 ఏళ్లు దాటినవారికి, పరిమిత కాలానికి, డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుగా 2007లో అనుమతించారు. మీ వయసు ఆ కోవలోకి వస్తుంది కాబట్టి, ఈ నాలుగింటిలో ఒకటి ప్రయత్నించి చూడాలనుకుంటే మీ డాక్టరుతో మాట్లాడదగినది ఇదే.

వలేరియన్ విషయం చిత్రంగా ఉంటుంది. ఒక మొక్క వేరు నుంచి తీసే ఈ మందు మీద 2006లో వచ్చిన సమీక్ష 16 పరీక్షలను, 1,093 మందిని పరిశీలించింది. నిద్ర మెరుగుపడిందా అని నేరుగా అడిగినప్పుడు, వలేరియన్ వేసుకున్నవారు అవునని చెప్పే అవకాశం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే 1.8 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. చదవగానే ఆశ కలిగించే అంకె ఇది. కానీ నిద్ర పట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, మొత్తం ఎంతసేపు నిద్రపోయారు అని కొలిచి చూసిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మంచి ఫలితాలు వచ్చిన పరీక్షలే ఎక్కువగా ప్రచురణకు నోచుకున్న సూచనలూ ఉన్నాయని ఆ సమీక్షకులే రాశారు. ఇంకొక చిక్కు కూడా ఉంది, మీ దగ్గరున్న సీసా మూత తీస్తే అది మీకే తెలుస్తుంది: ఐసోవలేరిక్ ఆమ్లం వల్ల వచ్చే ఆ ఘాటైన వాసన ఉతకని మేజోళ్ల వాసనలా ఉంటుంది. అంతటి వాసన ఉన్న మాత్రనూ ఏ వాసనా లేని ఉత్తుత్తి మాత్రనూ పక్కపక్కన పరీక్షిస్తే, తనకు ఏది దక్కిందో రోగి ఇట్టే పసిగడతాడు. అలా పసిగట్టాక ‘బాగా నిద్రపోయాను’ అన్న జవాబుకు విలువ తగ్గిపోతుంది.

మెగ్నీషియం మీద జరిగిన ప్రచారంతో పోలిస్తే జరిగిన పరిశోధన చాలా స్వల్పం. పదే పదే ఉదహరించే 2012 నాటి పరీక్షలో పాల్గొన్నది 46 మంది వృద్ధులు. వారు రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున 8 వారాలు తీసుకున్నారు, నిద్రలేమి తీవ్రత కొంత తగ్గింది. వృద్ధుల మీద జరిగిన పరీక్షలన్నీ 2021లో ఏరి చూస్తే దొరికినవి 3, అందరూ కలిపి 151 మంది. నిద్ర 17 నిమిషాలు ముందుగా పట్టినట్లు తేలింది కానీ, ఆ పరీక్షల నాణ్యత తక్కువని సమీక్షకులే చెప్పారు. ఆహారంలో మెగ్నీషియం కొరవడినవారికి దాన్ని పూరిస్తే మేలు జరగవచ్చు. కొరత లేనివారికి అదే ఫలితం వస్తుందనడానికి ఆధారం లేదు. మీ సీసా లేబుల్‌ను ఒకసారి జాగ్రత్తగా చదవండి. దాని మీద ఉన్న మిల్లీగ్రాములు లవణానివా, అందులోని అసలు మెగ్నీషియానివా? మెగ్నీషియం ఆక్సైడ్ బరువులో దాదాపు 60 శాతం మెగ్నీషియం ఉంటే, గ్లైసినేట్‌లో 14 శాతమే ఉంటుంది. ఒకే అంకె వేసిన రెండు సీసాల్లో ఒకదానిలో ఉన్నది రెండోదానికి నాలుగు రెట్లు కావచ్చు.

అశ్వగంధ గురించి మీ చెల్లెలు చెప్పినది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. 2021లో వచ్చిన విశ్లేషణ 5 పరీక్షల్లోని 400 మందిని కలిపి చూసి, నిద్రలో చిన్నదే అయినా మెరుగు ఉందని, రోజుకు 600 మిల్లీగ్రాములకు తగ్గకుండా, 8 వారాలకు తగ్గకుండా వాడినవారిలో అది ఎక్కువగా కనిపించిందని తేల్చింది. అయితే ఆ పరీక్షల్లో వాడినవి ప్రత్యేక పద్ధతుల్లో తయారైన సారాలు, వాటి ఫలితాన్ని ఏ సీసాలోని ఏ పొడికైనా అంటగట్టడం కుదరదు. 400 మంది అన్నది చిన్న సంఖ్య. ఆ సారాలను అమ్మే సంస్థల ప్రమేయం లేని పెద్ద పరీక్షలు జరిగేవరకు దీన్ని ‘ఆశ కలిగించేది’ అనవచ్చు, ‘నిరూపితం’ అనకూడదు.

ఇప్పుడు పోలిక కోసం మరో లెక్క చూడండి. నిద్రలేమికి మందు లేకుండా అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్స ఒకటి ఉంది. వైద్యులు దాన్ని సిబిటి-ఐ అంటారు. 2015లో 20 పరీక్షల్లోని 1,162 మంది ఫలితాలను కలిపి చూస్తే, దీనివల్ల నిద్ర 19 నిమిషాలు ముందుగా పట్టింది, మధ్యలో మెలకువగా గడిపే సమయం 26 నిమిషాలు తగ్గింది. చికిత్స ముగిశాక కూడా ఆ మేలు చాలావరకు నిలిచింది, ఏ సీసా గురించీ ఆ మాట చెప్పలేం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో పెద్దవారి దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వవలసిన చికిత్స ఇదేనని ప్రకటించింది. ఇంత బలమైన ఆధారం ఉన్న చికిత్స పేరు కూడా వినకుండా లక్షలాది మంది సీసాలు మారుస్తూ ఏళ్లు గడిపేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ చికిత్సలోని ప్రధానమైన మెట్టు మీరు అర్థం చేసుకోలేనంత కష్టమైనదేమీ కాదు. మీరు 8 గంటలు మంచం మీద ఉండి, నిజానికి 6 గంటలే నిద్రపోతున్నారనుకుందాం. కొన్ని వారాలపాటు మంచం మీద గడిపే సమయాన్ని ఆ 6 గంటలకే కుదిస్తారు: ఉదయం లేచే వేళను స్థిరంగా ఉంచి, రాత్రి పడుకునే వేళను ఆలస్యం చేస్తారు. నిద్ర గట్టిపడిన కొద్దీ 15 నిమిషాల చొప్పున పెంచుతూ పోతారు. నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి రావాలి. మంచం అంటే మెలకువ అన్న అలవాటు ఇలా చెరిగిపోతుంది. మొదటి వారాల్లో పగలు మగతగా ఉంటుంది కాబట్టి బండి నడిపేవారు, మూర్ఛ లేదా బైపోలార్ జబ్బు ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణ లేకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. మీరు చికిత్స మొదలుపెట్టే ముందే గురక, నిద్రలో ఊపిరి ఆగడం, రాత్రిపూట కాళ్లు లాగడం, థైరాయిడ్, మనసు కుంగిపోవడం వంటివి ఏమైనా ఉన్నాయేమో డాక్టరు చేత చూపించుకోండి. వాటిలో ఏది ఉన్నా చికిత్స దారే వేరు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. తెల్లవారుజామున మూడింటికి గానీ నిద్రపోడు, పదకొండింటికి గానీ లేవడు. సెలవుల్లో అలాగే పడుకోనిస్తే నిద్ర హాయిగానే పడుతుంది. పడుకునే ముందు 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చి చూశాం, ఏమీ తేడా లేదు. మోతాదు పెంచమంటారా?

జవాబు: పెంచవద్దు, తగ్గించి వేళ మార్చండి. మీరు వర్ణించినది నిద్రలేమిలా లేదు. మీ అబ్బాయి నిద్ర పరిమాణంలోనూ నాణ్యతలోనూ లోటు లేదు, అతని శరీర గడియారం కొన్ని గంటలు వెనుకబడి ఉంది. యుక్తవయసులో ఇది తరచుగా చూస్తాం, సోమరితనం అనుకుని అతన్ని కోప్పడకండి.

మెలటోనిన్ నిజంగా పనికివచ్చేది ఇక్కడే. ఆస్ట్రేలియాలో జరిగి 2018లో ప్రచురితమైన ఒక పరీక్షలో, ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి అర మిల్లీగ్రాము మాత్రమే, తాము పడుకోదలచిన వేళకు గంట ముందు, వారంలో కనీసం 5 రాత్రులు ఇచ్చి, ఆ వేళకే పడుకునే క్రమాన్ని కూడా పాటింపజేశారు. 4 వారాల్లో, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే వారికి 34 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. మామూలు నిద్రలేమిలో కనిపించిన 7 నిమిషాల పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, అదే మందు సరైన ఇబ్బందికి, సరైన వేళకు ఇచ్చినప్పుడు ఎంత తేడా ఉంటుందో తెలుస్తుంది. రక్తంలోకి చేరిన మామూలు మెలటోనిన్‌లో సగభాగం ఒక గంటలోపే ఖర్చయిపోతుంది. గడియారాన్ని ముందుకు జరపాలంటే అది సాయంత్రం నుంచి రాత్రి మొదటి జాముల్లో శరీరానికి అందాలి. మూడింటికి ఇచ్చే మాత్ర ఆ పని చేయలేదు. ఎక్కువ మోతాదు ఇస్తే అది తెల్లవారేదాకా మిగిలి, తప్పుడు వేళలో సంకేతం అందించే ప్రమాదం కూడా ఉంది. లేవగానే ఆరుబయట వెలుతురులో గడపడం, రాత్రి దీపాల వెలుగు తగ్గించడం మాత్రతో సమానంగా ముఖ్యం. కచ్చితమైన వేళను నిద్ర వైద్యుడి చేత నిర్ణయింపజేసుకోండి.

విమాన ప్రయాణాల తర్వాత నిద్ర వేళలు తారుమారు కావడం గురించి అడిగిన మరో ఇద్దరికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ చూసిన 10 పరీక్షల్లో చాలావరకు, అయిదు లేదా అంతకంటే ఎక్కువ కాలమండలాలు దాటినవారికి, చేరిన చోటి నిద్రవేళకు వేసుకున్న మెలటోనిన్ మేలు చేసిందని చూపాయి. అర మిల్లీగ్రాము నుంచి 5 మిల్లీగ్రాముల వరకు చాలు, 5కు మించితే అదనపు ప్రయోజనం కనబడలేదు.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. పడుకోవడానికి మారాం చేస్తుంది. పండ్ల రుచితో ఉండే మెలటోనిన్ గమ్మీలు పిల్లలకు సురక్షితమని ఒక స్నేహితురాలు చెప్పింది. రోజూ ఒకటి ఇవ్వవచ్చా?

జవాబు: మీ అంతట మీరు ఇవ్వవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆటిజం ఉన్న పిల్లల నిద్ర ఇబ్బందులకు మెలటోనిన్ ఉపయోగపడుతుందనడానికి మంచి ఆధారాలున్నాయి, ఐరోపాలో 2018లో దానికోసం ఒక మందును అనుమతించారు కూడా. కానీ అది వైద్యుల పర్యవేక్షణలో, నాణ్యత తెలిసిన మందుతో జరిగే చికిత్స.

గమ్మీల సీసాలో ఏముందో మీకు గానీ నాకు గానీ తెలిసే దారి లేదు. కెనడాలో 31 మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, లేబుల్ మీద చెప్పినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ వరకు తేడాలున్నాయి. 8 ఉత్పత్తుల్లో ఎక్కడా ప్రస్తావించని సెరటోనిన్ (మెదడు మీద పనిచేసే మరో రసాయనం) కూడా బయటపడింది. 2023లో అమెరికాలో 25 గమ్మీ ఉత్పత్తులను పరీక్షిస్తే 22 లేబుళ్లు తప్పని తేలింది, ఒకదానిలో మెలటోనిన్ అసలే లేదు. పిల్లలకు ఇవి మిఠాయిల్లా కనిపిస్తాయి. అమెరికా విషప్రమాద కేంద్రాలకు పిల్లలు మెలటోనిన్ మింగారని వచ్చిన ఫిర్యాదులు 2012లో 8,337 ఉంటే 2021 నాటికి 52,563కు చేరాయి. వారిలో అత్యధికులకు ఏ లక్షణాలూ కనిపించలేదు కానీ, ఆ పదేళ్లలో అయిదుగురు పిల్లలను వెంటిలేటర్ మీద ఉంచవలసి వచ్చింది, ఇద్దరు చనిపోయారు.

మారాం చేయడం మందుతో తీర్చే జబ్బు కాదు. రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో స్నానం, కథ, దీపం ఆర్పడం జరిగేలా కొన్ని వారాలు పట్టుబట్టండి. అప్పటికీ మారకపోతే పిల్లల డాక్టరును కలవండి.

ప్రశ్న: చామంతి టీ, చెర్రీ రసం, గ్లైసిన్, ఎల్-థియనిన్, లావెండర్ గుళికలు — వీటి మాటేమిటి?

జవాబు: వీటన్నిటి వెనుక ఉన్నవి చిన్న పరీక్షలే. చామంతి సారాన్ని నిద్రలేమి ఉన్న 34 మందికి 28 రోజులు ఇచ్చి 2011లో ప్రచురించిన పరీక్షలో ఉత్తుత్తి మాత్రకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వేడి పానీయంగా తాగడం ఇష్టమైతే తాగండి, ఆ జాతి పూల పుప్పొడి పడనివారు మాత్రం మానండి. పుల్ల చెర్రీ రసం మీద 2012లో వచ్చిన అధ్యయనంలో ఉన్నది 20 మంది ఆరోగ్యవంతులు, ఆ రసంలోని మెలటోనిన్ మాత్రలో ఉండేదానితో పోలిస్తే అత్యల్పం. పడుకునే ముందు 3 గ్రాముల గ్లైసిన్ మంచిదన్న మాటకు మూలమైన అధ్యయనాల్లో ఒకదానిలో పాల్గొన్నది 11 మందే. టీ ఆకులో ఉండే థియనిన్ మనసును కొంత నెమ్మదింపజేస్తుందని చిన్న పరీక్షలు చెబుతున్నాయి, నిద్ర విషయంలో ఆధారం పలుచన. లావెండర్ నూనె గుళికలను పరీక్షించింది ప్రధానంగా ఆందోళన ఉన్నవారి మీద, 80 మిల్లీగ్రాముల మోతాదులో. ఆందోళన తగ్గినవారి నిద్ర కూడా కొంత మెరుగుపడింది.

ప్రశ్న: నేను థైరాయిడ్ మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నాను. ఇవన్నీ ప్రకృతి నుంచి వచ్చినవే కదా, వాటితో కలిపి వాడితే నష్టమేమిటి?

జవాబు: నష్టం ఉంది, మీ విషయంలో మరీ ఎక్కువగా ఉంది. మెగ్నీషియం థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, రెంటికీ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని పెంచగలదు, మీ మోతాదు లెక్క తప్పుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి మందు వాడేవారు మెలటోనిన్ మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా డాక్టరును అడగాలి, ఎందుకంటే రెండూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో మెగ్నీషియం రక్తంలో పేరుకుపోయి ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రకృతి నుంచి వచ్చినంత మాత్రాన హాని చేయదన్న నమ్మకానికి ప్రాణాలు బలైన సందర్భాలున్నాయి. 1989లో అమెరికాలో ట్రిప్టోఫాన్ సప్లిమెంట్లు వాడినవారిలో భరించలేని కండరాల నొప్పులతో ఒక కొత్త జబ్బు బయటపడింది. 1,500 మందికి పైగా దాని బారిన పడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. ఒకే తయారీదారు నుంచి వచ్చిన సరుకుతో దానికి సంబంధం ఉన్నట్లు తేలింది. కావా అనే వేరు కాలేయాన్ని దెబ్బతీస్తోందన్న నివేదికలతో జర్మనీ 2002లో దాన్ని మార్కెట్ నుంచి తొలగించింది. అశ్వగంధ వాడినవారిలో కూడా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, డెన్మార్క్ అయితే హార్మోన్ల మీద దాని ప్రభావం గురించిన ఆందోళనతో 2023లో దాన్ని నిషేధించింది. అలాంటి కేసులు అరుదే. అయినా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటి జోలికి పోకపోవడమే క్షేమం.

ప్రశ్న: నేను చాలాకాలంగా రోజూ వలేరియన్ వేసుకుని హాయిగా నిద్రపోతున్నాను. అది ఉత్తుత్తి మాత్రతో సమానమని ఎక్కడో చదివాక మనసు చెదిరింది. మానేయాలా?

జవాబు: మీకు వచ్చిన నిద్ర నిజమైనదే, దాన్ని ఎవరూ కాదనలేరు. పరీక్షలు చెప్పేది సగటు మనిషి గురించి, మీ ఒక్కరి గురించి కాదు. మందు వల్లనే నిద్ర వస్తోందో లేదో తెలుసుకోవాలన్న కోరిక ఉంటే, రెండు వారాలు వేసుకుని, రెండు వారాలు మానేసి, ప్రతి ఉదయం లేవగానే ఎప్పుడు పడుకున్నారో, సుమారు ఎప్పుడు నిద్ర పట్టిందో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోండి. మానేసిన మొదటి రెండు మూడు రాత్రులు కంగారు వల్ల నిద్ర చెదరవచ్చు, వాటిని చూసి నిర్ణయానికి రాకండి. తేడా లేకపోతే సీసా అవసరం లేదని మీకే తెలుస్తుంది. తేడా ఉంటే వాడుకోండి, కానీ మద్యంతోనూ, మగత తెప్పించే ఇతర మందులతోనూ కలపవద్దు. ఆపరేషన్ ఏదైనా చేయించుకోవలసి వస్తే, మీరు రోజూ వేసుకునే మందుల జాబితాలో వలేరియన్ పేరు కూడా రాసి మత్తు డాక్టరుకు ముందుగానే ఇవ్వండి.